కృత్రిమ మేధకు వ్రాసి ఇచ్చే వకాల్తా

(సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక న్యాయవాదిని పిలిచి కంప్యూటర్ల గురించి మాట్లాడమనడం కొందరికి వింతగా తోచవచ్చు. ప్రోగ్రాములు వ్రాసిపెట్టే కృత్రిమ మేధ సహాయకాన్ని బయటి పనిముట్ల సర్వర్లతో కలపడం అనేది ఈనాడు నాకు అప్పగించిన అంశం. ఈ అంశంలో సాంకేతిక భాగం కొంతే ఉన్నది. మిగిలినదంతా ఎవరికి, దేనికి, ఎంతవరకు, ఎప్పటివరకు అధికారం వ్రాసి ఇస్తున్నామన్న ప్రశ్న. ఆ ప్రశ్నతో మా వృత్తికి నిత్య పరిచయం. మన ఇళ్ళలోని పిల్లలు బెంగళూరులోనూ చెన్నైలోనూ హైదరాబాదులోనూ ఈ పనులు చేస్తున్నారు. మన సంఘాల అర్జీలనూ పుస్తకాల జాబితాలనూ సభ్యుల పట్టికలనూ కంప్యూటరుకు ఎక్కించడానికి పూనుకునేది కూడా ఆ పిల్లలే. కనుక ఈ విషయం ఉద్యోగులతో ఆగదు. ఆ పట్టికలలో పేరున్న ప్రతి కుటుంబానికీ చెందుతుంది.

సహాయకం, సర్వరు

క్లాడ్ కోడ్, కర్సర్, గిట్‌హబ్ కోపైలట్ వంటి సహాయకాలను గురించి మీరు వినే ఉంటారు. ఏమి కావాలో మామూలు మాటలలో చెబితే అవి ప్రోగ్రాము వ్రాస్తాయి, దస్త్రాలు చదువుతాయి, తప్పులు దిద్దుతాయి, మీరు అనుమతిస్తే కంప్యూటరుకు ఆజ్ఞలు కూడా ఇస్తాయి. అయితే వాటిని ఏ సంచయంలో తెరిచామో ఆ దస్త్రాలే ప్రధానంగా వాటి ముందు ఉంటాయి. మన డేటాబేసు, ఉత్తరాల పెట్టె, మరొకచోట దాచుకున్న కాగితాలు వాటికి సహజంగా అందవు.

అందేటట్లు చేయడానికి నడుమ ఒక చిన్న ప్రోగ్రాము ఉండాలి. దానినే పనిముట్ల సర్వరు అంటారు. "నా వద్ద ఈ పనిముట్లు ఉన్నాయి, ఒక్కొక్కటి చేసే పని ఇది, దానికి ఇవ్వవలసిన వివరాలు ఇవి" అని ఆ సర్వరు ఒక జాబితాను సహాయకానికి అందిస్తుంది. సహాయకం ఆ జాబితాను చదువుకుని, ఏ సందర్భంలో ఏ పనిముట్టును వాడాలో తానే నిర్ణయించుకుంటుంది. "తానే నిర్ణయించుకుంటుంది" అన్న ఈ మాటను దయచేసి గుర్తుంచుకోండి. నేను చెప్పబోయేదంతా దాని చుట్టూ తిరుగుతుంది.

పూర్వం ఒక్కొక్క సహాయకానికీ ఒక్కొక్క పనిముట్టుకూ విడివిడిగా లంకె వ్రాయవలసి వచ్చేది. పది సహాయకాలు, ఇరవై పనిముట్లు ఉంటే రెండువందల లంకెలు. 2024 నవంబరు 25న ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే ఉమ్మడి ఒడంబడికను ప్రకటించింది. పొడి అక్షరాలలో దానిని ఎం.సి.పి. అంటారు. ప్రతి సహాయకమూ ఒకసారి, ప్రతి పనిముట్టూ ఒకసారి ఆ ఒడంబడికకు లోబడితే చాలు. రెండువందల లంకెల స్థానంలో ముప్పై సరిపోతాయి. 2016లో మైక్రోసాఫ్టు సంస్థ కోడు వ్రాసే ఎడిటర్లకూ ప్రోగ్రామింగు భాషలకూ నడుమ ఇటువంటి ఉమ్మడి ఏర్పాటునే తెచ్చింది. ఎం.సి.పి. దాని నుండి స్ఫూర్తి పొందినది. 2025 మార్చిలో ఓపెన్ఏఐ, ఏప్రిల్‌లో గూగుల్ దీనిని స్వీకరిస్తామని ప్రకటించాయి. 2025 డిసెంబరులో ఆంత్రోపిక్ ఈ ఒడంబడికను లినక్స్ ఫౌండేషన్ నీడలో ఏర్పడిన ఒక నిధికి అప్పగించింది. అంటే ఇది ఒక్క సంస్థ సొత్తుగా మిగలలేదు. ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా దీని ప్రకారం సర్వరు వ్రాయవచ్చు. దీని వలన మనకు కలిగే మేలును చివర ప్రస్తావిస్తాను.

కలిపే పద్ధతులు రెండు. మొదటిదానిలో సర్వరు మన కంప్యూటరులోనే నడుస్తుంది. రెండవదానిలో అది దూరాన మరొకరి యంత్రంలో ఉంటుంది, ఇంటర్నెట్టు ద్వారా దానిని చేరుకుంటాము. మన యంత్రంలో ఉన్నది కాబట్టి మొదటిది క్షేమమని చాలామంది అనుకుంటారు. మామూలుగా నడిపితే ఆ ప్రోగ్రాము మన పేరుతో, మన హక్కులతో నడుస్తుంది. మనం తెరవగలిగిన దస్త్రాలను అదీ తెరవగలదు. రెండవదానిలో మన సమాచారం ఇల్లు దాటి వెళుతుంది. రెండింటిలోనూ ప్రమాదం ఉన్నది, దాని రూపం మాత్రం వేరు.

క్లాడ్ కోడులో "క్లాడ్ ఎంసీపీ యాడ్" అనే ఆజ్ఞతో సర్వరును చేరుస్తారు. అప్పుడు దాని పరిధిని కూడా నిర్ణయించవచ్చు. లోకల్ అంటే ఈ ఒక్క ప్రాజెక్టులో, మీకు మాత్రమే. ప్రాజెక్ట్ అంటే ఈ ప్రాజెక్టులో పనిచేసే అందరికీ. యూజర్ అంటే మీరు చేసే ప్రాజెక్టులన్నింటిలోనూ. న్యాయస్థానం భాషలో మొదటిది ఒక్క దావాకు ఇచ్చే వకాల్తా, మూడవది అన్ని వ్యవహారాలకూ ఇచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ. రెండవది ఇంకొకరు వ్రాసి మన బల్లపై పెట్టిన పత్రం వంటిది. ప్రాజెక్టు సంచయంలో ఉండే ఒక చిన్న దస్త్రం ద్వారా అది అందరికీ చేరుతుంది. అందుకే అటువంటి సర్వరును వాడేముందు క్లాడ్ కోడు మన ఆమోదం అడుగుతుంది. ఆ ప్రశ్న తెరమీద కనబడగానే చదవకుండా "సరే" అని నొక్కడం ఖాళీ కాగితం మీద సంతకం చేయడమే.

చట్టం ఏమంటుంది

మన దేశంలో ఒకరి తరఫున మరొకరు పనిచేయడాన్ని 1872 నాటి కాంట్రాక్టు చట్టం పదవ అధ్యాయం నియంత్రిస్తుంది. ఆ చట్టం వ్రాసిననాడు విద్యుద్దీపాలు కూడా మన ఊళ్ళకు రాలేదు. అయినా అందులోని మూడు సెక్షన్లు ఈనాటి మన ప్రశ్నకు బాగా పనికివస్తాయి. కృత్రిమ మేధ చట్టం దృష్టిలో వ్యక్తి కాదు గనుక ఈ సెక్షన్లు దానికి నేరుగా వర్తించవు. పోలికగా మాత్రమే చెబుతున్నాను.

సెక్షను 184 ప్రకారం మూడవవారితో వ్యవహారంలో ఎవరైనా ఏజెంటు కావచ్చు. కాని మైనరు అయిన ఏజెంటు తన యజమానికి బాధ్యుడు కాడు. చిన్నపిల్లవానిని అంగడికి పంపి సరకు తెప్పించుకోవచ్చు, వాడు చేసిన బేరం మనల్ని కట్టిపడవేస్తుంది, పొరపాటు జరిగితే మాత్రం వాని మీద దావా నిలవదు. సహాయకం స్థితి దాదాపు ఇటువంటిది. పని చేస్తుంది, ఫలితం మన నెత్తిన పడుతుంది, దానిని బోనులో నిలబెట్టలేము.

సెక్షను 188 ప్రకారం ఒక పని చేసే అధికారం పొందినవానికి ఆ పని పూర్తి కావడానికి అవసరమైన న్యాయసమ్మతమైన ప్రతి పనీ చేసే అధికారం ఉన్నట్లే. "ఈ తప్పు దిద్దు" అని చెప్పినప్పుడు దిద్దడానికి ఏమేమి అవసరమో సహాయకం కూడా ఇదే విధంగా ఊహించుకుంటుంది. మన ఊహ, దాని ఊహ ఒకటి కావాలని నియమం లేదు.

సెక్షను 208 ప్రకారం అధికారం రద్దు చేసిన సంగతి ఏజెంటుకు తెలిసేవరకు అతని విషయంలో రద్దు అమలుకాదు. మూడవవారి విషయంలో వారికి తెలిసేవరకు అమలుకాదు. ఇది అక్షరాలా గుర్తుంచుకోదగినది. సహాయకం జాబితాలోనుండి సర్వరు పేరు తీసివేసినంత మాత్రాన పని పూర్తి కాదు. ఆ సర్వరుకు మనం ఇచ్చిన తాళపుచెవి, అంటే టోకెను, ఆవలి సేవలో ఇంకా చెల్లుబాటులోనే ఉంటుంది. అక్కడికి వెళ్ళి దానిని కూడా రద్దు చేయాలి.

మూడు లంకెలు

ఒక ఉదాహరణ తీసుకుందాము. ఒక సరిహద్దు పట్టణంలో తెలుగు సంఘం ఒకటి ఉన్నదనుకోండి. ఇరవై ఏళ్ళుగా కలెక్టరు కార్యాలయానికీ విద్యాశాఖకూ ఇచ్చిన అర్జీలు దాని వద్ద ఉన్నాయి. ఏ అర్జీ ఎప్పుడు ఇచ్చారు, ఎవరు సంతకాలు చేశారు, జవాబు వచ్చినదా లేదా అని చూపే ప్రోగ్రాము వ్రాయాలని సంఘంలోని ఒక అమ్మాయి పూనుకున్నది. సంతకందారుల పేర్లు, ఊళ్ళు, మొబైల్ నంబర్లు, బడిలో చదివే పిల్లల పేర్లు అన్నీ డేటాబేసులో ఉన్నాయి. సహాయకానికి ఆమె మూడు లంకెలు కలపాలనుకుంటున్నది. ఒకటి డేటాబేసుకు, రెండవది ప్రోగ్రామును దాచే గిట్‌హబ్‌కు, మూడవది ఈమెయిలుకు. మూడింటికీ న్యాయమైన కారణమే ఉన్నది. మూడింటి విషయంలోనూ లోకం 2025లో కొన్ని పాఠాలు నేర్చుకున్నది.

మొదటి పాఠం డేటాబేసుది. 2025 జూలైలో అమెరికాలో ఒక వ్యాపారి రెప్లిట్ అనే సంస్థ సహాయకంతో ప్రోగ్రాము వ్రాయిస్తున్నాడు. ఇక ఏ మార్పూ చేయవద్దని స్పష్టంగా చెప్పి ఉంచాడు. అయినా ఆ సహాయకం నడుస్తున్న అసలు డేటాబేసునే తుడిచివేసింది. పోయినదానిని తిరిగి తేలేమని కూడా చెప్పింది. తరువాత తేగలిగారు, సంస్థ అధిపతి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. మనం గ్రహించవలసినది ఏమిటంటే, మాటతో గీసిన గీత దాటరాని గీత కాదు. "తుడవవద్దు" అని చెప్పడం వేరు, తుడిచే అధికారమే ఇవ్వకపోవడం వేరు. చాలా డేటాబేసులలో చదవడానికి మాత్రమే వీలున్న ఖాతాను సృష్టించవచ్చు. మన అమ్మాయి సర్వరుకు ఆ ఖాతానే ఇవ్వాలి. ఇంకా మేలైన మార్గం, అసలు పేర్లు లేని నకలు డేటాబేసు ఒకటి తయారుచేసి దానితోనే ప్రోగ్రాము వ్రాయించడం. ప్రోగ్రాము సరిగా నడుస్తున్నదా లేదా తెలుసుకోవడానికి నిజమైన సంతకందారుల ఫోను నంబర్లు అక్కరలేదు.

రెండవ పాఠం గిట్‌హబ్‌ది. 2025 మే నెలలో ఇన్వేరియంట్ ల్యాబ్స్ అనే భద్రతా పరిశోధకుల బృందం ఒక ప్రయోగం చేసి చూపించింది. అందరికీ తెరిచి ఉంచిన ఒక ప్రాజెక్టులో ఎవరైనా ఫిర్యాదు వ్రాయవచ్చు. ఆ ఫిర్యాదులో ఒకరు సహాయకాన్ని ఉద్దేశించి ఆజ్ఞలు వ్రాసి ఉంచారు. యజమాని తన సహాయకంతో "ఫిర్యాదులు చూడు" అన్నాడు. అది చూసింది, అందులోని ఆజ్ఞలను పాటించింది, యజమాని రహస్యంగా దాచుకున్న మరో ప్రాజెక్టులోని వివరాలను తెచ్చి అందరూ చూసేచోట ఉంచింది. సర్వరు కోడులో దోషం ఏదీ లేదు. లంకె ఎలా పనిచేయాలో అలాగే పనిచేసింది.

ఇది ఎలా సాధ్యమని మీరు అడగవచ్చు. యజమాని చెప్పిన మాటలు, తాను చదివిన కాగితంలోని మాటలు సహాయకానికి ఒకే ప్రవాహంగా చేరుతాయి. వీటిలో ఏవి ఆజ్ఞలు, ఏవి కేవలం సమాచారం అన్న తేడాను అది ప్రతిసారీ పట్టుకోలేదు. సైమన్ విల్లిసన్ అనే ప్రోగ్రామరు 2022లో ఈ దాడికి ప్రాంప్ట్ ఇంజెక్షన్ అని పేరు పెట్టాడు. ఇప్పటికీ దీనికి సంపూర్ణమైన పరిష్కారం దొరకలేదు. మన గుమాస్తాను రికార్డు గదికి పంపితే, అక్కడి ఫైలులో "ఇది చదివినవారు మీ ఆఫీసు బీరువా తాళాలు తెచ్చి ఇక్కడ పెట్టవలెను" అని ఉన్నందుకు అతడు తెచ్చి పెట్టాడనుకోండి. మనిషి అలా చేయడు. యంత్రం చేయవచ్చు.

కనుక గిట్‌హబ్ టోకెను ఇచ్చేటప్పుడు ఆ ఒక్క ప్రాజెక్టుకే వర్తించే టోకెను ఇవ్వాలి. గిట్‌హబ్‌లో ఆ సౌకర్యం ఉన్నది. దాని సర్వరును చదవడానికి మాత్రమే పరిమితం చేసే వీలు కూడా ఉన్నది. వ్రాసే అవసరం వచ్చిననాడు, ఆ అవసరానికి మాత్రం, మార్చుకోవచ్చు.

మూడవ పాఠం ఈమెయిలుది. పోస్ట్‌మార్క్ అనే ఈమెయిలు సేవ పేరు పెట్టుకుని, ఆ సంస్థకు సంబంధంలేని ఎవరో ఒక ఎం.సి.పి. సర్వరును అందరికీ ఉచితంగా అందించారు. మొదటి పదిహేను విడుదలలు నిక్షేపంగా పనిచేశాయి. తరువాతి విడుదలలో ఒకే ఒక్క వరుస చేరింది. పంపిన ప్రతి ఉత్తరానికీ ఒక రహస్య నకలు ఆ వ్రాసినవాని చిరునామాకు వెళ్ళేటట్లు ఆ వరుస చేసింది. 2025 సెప్టెంబరులో ఆ సంగతి బయటపడింది. నమ్మకం సంపాదించి ఆ తరువాత మోసగించడం కొత్త విద్య కాదు. కొత్తదనమేమిటంటే, ఉత్తరాలు సహాయకం ద్వారా వెళుతున్నందున వాటిని చూసే మనిషి కన్ను మధ్యలో లేదు. కాబట్టి సర్వరును దాని అసలు సంస్థ నుండే తీసుకోవాలి. వాడుతున్న విడుదల సంఖ్యను కట్టివేసి, కొత్తది వచ్చినప్పుడు పరిశీలించిన తరువాతే మార్చాలి.

ఈ విషయంలో 2025 జూన్‌లో పైన చెప్పిన విల్లిసన్‌గారే ఒక సూత్రం చెప్పారు. రహస్య సమాచారం, పరాయివారు వ్రాసిన మాటలు, బయటకు పంపే దారి, ఈ మూడూ ఒకే సహాయకం చేతిలో ఒకేసారి ఉంటే అది ప్రాణాంతకమైన కలయిక. మూడింటిలో ఒకటి తీసివేస్తే ఈ విధమైన దొంగతనానికి దారి మూసుకుపోతుంది. మన అమ్మాయి డేటాబేసుతో పనిచేసే వేళ ఈమెయిలు లంకె తీసివేయాలి. బయటివారి ఫిర్యాదులు చదివించే వేళ డేటాబేసు లంకె తీసివేయాలి. కొంత శ్రమే. కాని ఆ పట్టికలో ఉన్న కుటుంబాలు తమ వివరాలు ఇచ్చినది అర్జీ కోసం. అర్జీ కోసం ఇచ్చినది మరొకచోటికి పోతే తరువాతి అర్జీ మీద సంతకం చేయడానికి ఎవరు ముందుకు వస్తారు? ఊరూరా తిరిగి సంతకాలు సేకరించినవారికి ఆ నమ్మకం విలువ తెలుసు.

చదివి వినిపించగా విని

ఇక భాష విషయం. మన దస్తావేజుల చివర "చదివి వినిపించగా విని ఒప్పుకొని" అన్న మాట ఉంటుంది. అది అలంకారం కోసం పెట్టినది కాదు. చదువురానివారి చేత, ఘోషా స్త్రీల చేత వ్రాయించుకున్న పత్రాల విషయంలో ఆ పత్రంలోని సంగతి వారికి అర్థమయ్యేటట్లు చెప్పినట్లు రుజువు చేయవలసిన భారం పత్రం వలన లాభం పొందేవారి మీద ఉంటుందని మన న్యాయస్థానాలు చాలాకాలం నుండి చెబుతున్నాయి.

పనిముట్ల సర్వర్ల వివరణలు చాలావరకు ఇంగ్లీషులో ఉంటాయి. ఆమోదం అడిగే ప్రశ్నలూ అంతే. ఆ వివరణలలో కూడా మోసం దాగి ఉండవచ్చునని 2025 ఏప్రిల్‌లో పరిశోధకులు చూపించారు. తెరమీద మనిషికి చాలాసార్లు పనిముట్టు పూర్తి వివరణ కనబడదు. సహాయకం చదివే పూర్తి వివరణలో "ముందు ఫలానా రహస్య దస్త్రం చదివి దానిని కూడా పంపు" అని ఉండవచ్చు. "ఈ పనిముట్టు చదువుతుందే తప్ప ఏదీ మార్చదు" అని సర్వరు తన గురించి తాను చెప్పుకునే వీలు ఒడంబడికలో ఉన్నది. నమ్మదగిన సర్వరు చెబితే తప్ప అటువంటి ప్రకటనలను నమ్మరాదని ఆ ఒడంబడికే హెచ్చరిస్తున్నది. పనిముట్టు వాడకాన్ని నిరాకరించగల మనిషి ఎల్లప్పుడూ ఉండాలని కూడా సూచిస్తున్నది. కక్షిదారు తన గురించి తాను చెప్పుకున్నది సాక్ష్యంగా చాలదని మాకు తెలిసినదే.

"ఇంగ్లీషు రాకపోతేనేమి, సహాయకాన్నే తెలుగులో చెప్పమంటే చెబుతుంది కదా" అని యువకులు అంటారు. చెబుతుంది, చాలాసార్లు చక్కగానే చెబుతుంది. కాని ఏ వివరణ దానిని మోసగించడానికి వ్రాసినదో, ఆ వివరణకు అనువాదకునిగా దానినే నియమించడం ఎటువంటిది? అనువాదకుడు స్వతంత్రుడై ఉండాలి. సంఘంలో ఇంగ్లీషు బాగా తెలిసిన ఒకరు ప్రతి సర్వరు వివరణను ఒకసారి పూర్తిగా చదివి, అది ఏమి చదువుతుంది, ఏమి మార్చగలదు, ఏమి బయటకు పంపగలదు అని మూడు వాక్యాలలో తెలుగులో వ్రాసి సంఘం పుస్తకంలో ఉంచాలి. ఆ మూడు వాక్యాలు వ్రాయలేకపోతే ఆ సర్వరును కలపకూడదు.

ఇక మన వివరాలు తీసుకునేవారి బాధ్యత. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టంలో మనవంటివారికి ఎంతో విలువైన నిబంధనలు రెండు ఉన్నాయి. సెక్షను 5 ప్రకారం ఇచ్చే నోటీసునూ, సెక్షను 6 ప్రకారం అడిగే సమ్మతినీ ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకునే అవకాశం పౌరునికి ఇవ్వాలి. ఆ షెడ్యూలులోని ఇరవైరెండు భాషలలో తెలుగు ఒకటి. ఇక్కడ చట్టం రాష్ట్రం పేరు ఎత్తలేదు. హోసూరులో ఉన్నా, రాయగడలో ఉన్నా, యానాంలో ఉన్నా ఈ అవకాశం తెలుగువానిదే. ఇచ్చిన సమ్మతిని, ఇచ్చినంత సులువుగా ఉపసంహరించుకునే హక్కు కూడా సెక్షను 6లోనే ఉన్నది. ఈ చట్టం కింద నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతల అమలుకు పద్దెనిమిది నెలల గడువు పెట్టారు. అంటే 2027 మే నెల.

ఈ కత్తికి రెండవ వైపు కూడా పదును ఉన్నది. మన సంఘమే సభ్యుల వివరాలను కంప్యూటరులో ఉంచితే, చట్టం దృష్టిలో ఆ సమాచారానికి బాధ్యత వహించేది మన సంఘమే. తన తరఫున ఇతరులు చేసిన పనికి కూడా సంఘమే బాధ్యత వహించాలని, దానికి విరుద్ధమైన ఒప్పందం ఏది ఉన్నా ఆ బాధ్యత తప్పదని సెక్షను 8 చెబుతున్నది. తగిన రక్షణ ఏర్పాట్లు చేయకపోతే జరిమానా రెండువందల యాభై కోట్ల రూపాయల వరకు ఉండవచ్చునని షెడ్యూలులో ఉన్నది. పద్దెనిమిది ఏళ్ళు నిండని పిల్లల వివరాలకు తలిదండ్రుల సమ్మతి కావాలి. మన బడి పిల్లల జాబితాలను సహాయకం ముందు పెట్టే యువకులు ఈ మాటను ప్రత్యేకంగా గమనించాలి. "యంత్రం చేసింది" అన్న జవాబుకు ఈ చట్టంలో చోటు లేదు.

మన సర్వరును మనమే వ్రాసుకోవచ్చు

ఇంతసేపూ ప్రమాదాలే చెప్పాను గనుక ఈ లంకెల జోలికి పోవద్దని నా ఉద్దేశమని భావించకండి. వకాల్తా ఇవ్వనివాడు కోర్టుకు తానే ప్రతిరోజూ నడవాలి. సరిగా వ్రాసిన వకాల్తా మనిషి శ్రమను తగ్గిస్తుంది.

ఒడంబడిక అందరికీ తెరిచి ఉన్నదని మొదట చెప్పాను. అందువలన మన అర్జీల సంఘం పరాయివారి డేటాబేసు సర్వరును తెచ్చుకోనవసరం లేదు. మన అమ్మాయి తానే చిన్న సర్వరు వ్రాయవచ్చు, సహాయకమే ఆమెకు తోడ్పడుతుంది. అందులో రెండే పనిముట్లు ఉంచవచ్చు. ఒకటి అర్జీ సంఖ్య ఇస్తే తేదీ, ఏ కార్యాలయానికి వెళ్ళినది, జవాబు వచ్చినదా అన్న వివరాలు ఇస్తుంది. రెండవది ఫలానా సంవత్సరంలో జవాబు రాని అర్జీలు ఎన్నో లెక్కిస్తుంది. సంతకందారుల పేర్లు, ఫోను నంబర్లు అడిగే పనిముట్టే అందులో ఉండదు. ఆ సర్వరు ద్వారా, ఎవరు ఎంత మోసపు ఆజ్ఞ వ్రాసినా, లేని పనిముట్టును సహాయకం వాడలేదు. అయితే డేటాబేసు తాళపుచెవి సహాయకం చదవగల దస్త్రాలలో పడి ఉంటే ఈ జాగ్రత్త వ్యర్థం. దానిని వేరుగా దాచాలి.

ఇక్కడే భాషాపరమైన అవకాశం ఒకటి ఉన్నది. ఈ ఒడంబడిక ప్రకారం సందేశాలన్నీ యూటీఎఫ్-8 పద్ధతిలో ఉండాలి. తెలుగు లిపి అందులో నిక్షేపంగా ఇముడుతుంది. పనిముట్టు పేరు రోమను అక్షరాలలో ఉండాలన్న సూచన ఉన్నప్పటికీ దాని వివరణను తెలుగులో వ్రాయవచ్చు. సహాయకం దానిని చదివి అర్థం చేసుకుంటుంది. అయితే ఒక నష్టం చెప్పాలి. చాలా సహాయకాలు తెలుగు వాక్యాన్ని అదే అర్థంగల ఇంగ్లీషు వాక్యం కన్నా ఎక్కువ ముక్కలుగా లెక్కిస్తాయి. ముక్కలను బట్టి రుసుము గనుక ఖర్చు కొంత పెరుగుతుంది. రెండు పనిముట్ల చిన్న సర్వరుకు ఆ పెరుగుదల స్వల్పం. దానికి బదులుగా సంఘం కార్యదర్శి, ఇంగ్లీషు రాకపోయినా, తన సంఘం యంత్రానికి ఏ అధికారం ఇచ్చినదో తానే చదివి సంతకం చేయగలుగుతాడు. ఆ స్వల్పపు ఖర్చుకు ఇంతకన్నా మంచి ప్రతిఫలం ఏమి కావాలి?

ముగింపు

పెద్దలు యువకులను అడగవలసిన ప్రశ్నలు ఐదు చెప్పి ముగిస్తాను. ఈ సర్వరును ఎవరు వ్రాశారు? అది ఏమి చదవగలదు, ఏమి మార్చగలదు? ఏమి బయటకు పంపగలదు? అది వాడే తాళపుచెవి ఎక్కడ దాచారు? పని ముగిసిన తరువాత లంకెను, తాళపుచెవిని, రెండింటినీ ఎవరు, ఏ తేదీన రద్దు చేస్తారు? వీటికి జవాబులు చెప్పడానికి ఇంజనీరు పట్టా అవసరం లేదు. వినడానికి కూడా అవసరం లేదు. అడిగే హక్కు, ఆ పట్టికలో పేరున్న ప్రతి ఒక్కరికీ ఉన్నది.

యువకులకు నా మనవి ఒకటే. మీ చేతిలోని సాధనం గొప్పది, దానిని నేర్చుకోండి, వాడండి. దానికి ఇచ్చే ప్రతి లంకెనూ మీ తండ్రిగారి భూమి మీద వ్రాసే అధికారపత్రంలాగా వ్రాయండి. ఒక్క పనికి, ఒక్క ప్రాజెక్టుకు, ఒక్క గడువుకు. ఎక్కువ కావాలంటే మళ్ళీ వ్రాసుకోవచ్చు. ఎక్కువగా ఇచ్చినదానిని వెనక్కి తీసుకోవడమే కష్టం.